ఓలీబోలెన్ పైన మాడిపోతోంది, లోపల పచ్చిగానే ఉంటోంది. 31కి మళ్ళీ వండాలి, ఎవరైనా చెప్పండి

ఐండ్‌హోవెన్_అప్పారావు
పోయినేడాది డిసెంబర్ 31న జీవితంలో మొదటిసారి ఓలీబోలెన్ వండా (ఇక్కడ నెదర్లాండ్స్‌లో ఏడాది చివర వండుకునే తియ్యటి బోండాల్లాంటివి, ఈస్ట్ వేసిన పిండితో). పైకి చూస్తే బానే ఉన్నాయి, ముదురు గోధుమ రంగొచ్చింది, గుండ్రంగా రాలేదు గానీ ఏదో ఒక ఆకారం అయితే ఉంది. ఆ ఊపులో ఒక ప్లేటు నిండా పెట్టి మీద పంచదార పొడి చల్లి పక్కింటి మామ్మగారికి పట్టుకెళ్ళి ఇచ్చా. ఆవిడకి ఎనభై దాటాయి. నా ముందే ఒకటి కొరికి నములుతూ నములుతూ చాలాసేపటికి 'లెక్కర్' అంది, బాగుంది అని. నేను మురిసిపోయి ఇంటికొచ్చి ఒకటి కొరికితే లోపలంతా బంక. పచ్చి పిండి. నొక్కితే నూనె కారుతోంది. పాపం ఆవిడ మొహమాటానికి మింగేసింది.

మొన్న మెట్ల దగ్గర కనపడి 'ఈసారి కూడా చేస్తున్నావా' అని అడిగింది. అది ఆశో భయమో నాకు అర్థం కాలేదు. చేస్తున్నా అనేశా.

నేను చేసింది ఏంటంటే, షాపులో జెల్ఫ్‌రైజెండ్ బాక్‌మేల్ అని ఉన్న పిండి అర కేజీ, ఈస్ట్ ప్యాకెట్ ఒకటి, పాలు కాచి పోసి కలిపా, గుడ్డు, కిస్‌మిస్, ఉప్పు. ఓ ఇరవై నిమిషాలు పక్కన పెట్టా. ఇండియా నుంచి తెచ్చుకున్న చిన్న మూకుడులో నూనె పోసి ఒక్కో వాయికి ఎనిమిదేసి వేశా. ఎక్కడ తప్పు జరిగింది?

వరంగల్_వంశీ
అన్నా గింత సీన్ అవసరమా. అది మైసూర్ బోండానే కదా. మైదా, పెరుగు, ఇంత వంటసోడా ఏసి కలిపి నూనెల ఇడువు, పైన చక్కెర పొడి కొట్టు. తెల్లోళ్ళకు ఏం తెలుస్తది.

హేగ్_సత్యవతి
తెలుస్తుంది తమ్ముడూ. వాళ్ళు పుట్టినప్పటి నుంచి ప్రతి ఏడాదీ ఇదే తింటారు. మన ఇంటికి ఎవరో వచ్చి మైదాతో గారెలు వండి మినప గారెలు అంటే మనకి తెలీదా? సోడా వేసిన బోండాకి ఆ వాసన రాదు. ఈస్ట్ పులిసిన వాసన, బ్రెడ్డు లాంటి గుల్లదనం ఉండాలి. అది లేకపోతే ఓలీబోల్ కాదు.

వరంగల్_వంశీ
సరే అక్కా, నేనేదో జోక్ చేసిన. కాని అప్పారావన్న చేసినదానికన్నా నా బోండా నయం అంటున్న.

రొట్టెరామ్
@అప్పారావు గారూ మీరు రాసినదాంట్లో నాలుగు తప్పులున్నాయి, చెడగొట్టడానికి ఒక్కటి చాలు, మీరు నాలుగూ చేశారు.

జెల్ఫ్‌రైజెండ్ అంటే దాంట్లో ముందే బేకింగ్ పౌడర్ కలిపి ఉంటుంది. దానికి మళ్ళీ ఈస్ట్ వేశారు. మామూలు తార్వెబ్లూమ్ కొనాలి, అది మన మైదా. రెండోది, పాలు కాచి పోశానన్నారు, చల్లార్చానని రాయలేదు. వేడి పాలు పోస్తే ఈస్ట్ అక్కడే చచ్చిపోతుంది. వేలు పెడితే వెచ్చగా ఉందా లేదా అని అనుమానం వచ్చేంత వెచ్చదనం చాలు. మూడోది, ఇరవై నిమిషాలు. మన వంటింట్లో 18 డిగ్రీలు పెట్టుకుని బతుకుతున్నాం, గ్యాస్ బిల్లు భయానికి, ఆ చలిలో ఇరవై నిమిషాల్లో ఏ పిండీ లేవదు. గంట, అవసరమైతే గంటన్నర. పిండి రెట్టింపు అవ్వాలి. నాలుగోది చిన్న మూకుట్లో ఎనిమిది. చల్లటి పిండి అంత ఒక్కసారి పడితే నూనె వేడి ధబేల్న పడిపోతుంది, అప్పుడు అది వేగదు, నూనెలో నానుతుంది. తర్వాత మీరు కంగారుపడి మంట పెంచి ఉంటారు, పైన మాడింది. అంతే కథ.

ఐండ్‌హోవెన్_అప్పారావు
మంట పెంచిన మాట నిజమే. మీరు మా వంటింట్లో ఉన్నారా ఏంటి సార్

రొట్టెరామ్
నేనూ అలాగే చెడగొట్టాను కాబట్టి తెలుసు. మా ఆవిడ ఆ ఫోటో ఇంకా దాచింది.

ఆమ్‌స్టెల్వీన్_అల్లుడు
ఎయిర్ ఫ్రయర్‌లో అవుతుందా? మా అత్తగారు నూనె వంటలు వద్దంటున్నారు

పాలకొల్లు_పద్మ
అవుతుంది బాబూ, పిండి జల్లెడ కంతల్లోంచి కిందకి కారి కింద అట్టు అవుతుంది. 😂 ఇది జారుగా ఉండే పిండి, నూనెలో పడగానే పైపొర గట్టిపడితేనే గుండ్రంగా నిలబడుతుంది. చల్లారినవి మర్నాడు వేడి చేసుకోవడానికి మాత్రం ఎయిర్ ఫ్రయర్ బ్రహ్మాండం, నాలుగైదు నిమిషాలు పెడితే పైన మళ్ళీ కరకరలాడతాయి. మైక్రోవేవ్‌లో పెట్టకండి, రబ్బరు బంతులైపోతాయి.

చిట్టిపంతులు
గుడ్డు లేకుండా చేయొచ్చా? ఇంకో సందేహం, రోడ్డు మీద బండి దగ్గర కొంటే అది ఏ నూనెలో వేయిస్తారు? మేము శాకాహారులం.

హేగ్_సత్యవతి
పంతులుగారూ గుడ్డు లేకపోయినా వస్తాయి, పాలు ఒక రెండు మూడు చెంచాలు ఎక్కువ పోయండి, ఈస్ట్ పని ఈస్ట్ చేస్తుంది. గుడ్డు వేస్తే రంగు, మెత్తదనం కొంచెం బాగుంటాయి అంతే. బండి దగ్గర మాత్రం అడిగి కొనండి. చాలామంది ఇప్పుడు పొద్దుతిరుగుడు లాంటి నూనెలే వాడుతున్నారు గానీ ఈ దేశంలో వేపుళ్ళకి ఆవు కొవ్వు వాడే అలవాటు పాతది, కొన్నిచోట్ల ఇంకా ఉంది. 'ప్లాంటార్డిగ్?' (మొక్కల నూనేనా) అని అడిగితే చాలు, ఎవరూ తప్పుగా అనుకోరు.

చిట్టిపంతులు
అయ్యబాబోయ్. మూడేళ్ళ నుంచి స్టేషన్ ముందు బండి దగ్గర తింటున్నానండీ.

వరంగల్_వంశీ
పంతులుగారు ఇప్పుడు అడుగుడు ఎందుకు, తిన్నది తిన్నరు 🙏

న్యూజెర్సీ_నాని
మా దగ్గర డోనట్ అనేది ఇదే కదా? మధ్యలో కంత పెట్టి మేము ఇంప్రూవ్ చేశాం.

బందరు_బుల్లోడు
ఉల్టా చెప్తున్నావు నానీ. మీ న్యూయార్క్ ఒకప్పుడు డచ్చివాళ్ళ న్యూ ఆమ్‌స్టర్‌డామ్. వాళ్ళు తీసుకెళ్ళిన ఓలీకూక్ నుంచే మీ డోనట్ వచ్చిందని చాలామంది చెప్తారు. ఓలీకూక్ అంటే నూనె రొట్టె. ఇక్కడ కూడా పాత పేరు అదే, ఓలీబోల్ అనే మాట తర్వాత వచ్చింది. 1667లో అచ్చయిన డచ్చి వంట పుస్తకంలో దీని తయారీ ఉంది, కిస్‌మిస్, ఆపిల్, బాదం, దాల్చినచెక్క, అల్లం, లవంగం అన్నీ వేస్తారు దాంట్లో. ఇప్పటి దానికంటే అదే మన నోటికి దగ్గర.

డోర్డ్రెఖ్ట్ మ్యూజియంలో ఆల్బర్ట్ కౌప్ వేసిన బొమ్మ ఒకటుంది, 1652 ప్రాంతంలోది, ఒక పనమ్మాయి కుండ నిండా ఓలీబోలెన్ పట్టుకుని ఉంటుంది. కుదిరితే చూడండి. అవి కూడా గుండ్రంగా ఏం ఉండవు అప్పారావు గారూ, ధైర్యంగా ఉండండి.

పాలకొల్లు_పద్మ
ఆ దాల్చినచెక్క లవంగాలు ఎక్కడివంట? 😏

బందరు_బుల్లోడు
అక్కడికే వస్తున్నా పద్మక్కా. దాల్చినచెక్క సింహళం నుంచి, లవంగాలు మలుకు దీవుల నుంచి. ఆ మసాలాలు కొనడానికి కావాల్సిన బట్ట మాత్రం మన తీరం నుంచి. 1600ల మొదట్లోనే వాళ్ళు బందరులో దిగారు, తర్వాత మీ పాలకొల్లు, భీమిలి అన్నీ తిరిగారు. బందరులో డచ్చివాళ్ళ సమాధులు ఇప్పటికీ ఉన్నాయి, చిన్నప్పుడు మేం అక్కడ గోళీలాడేవాళ్ళం, ఆ రాళ్ళ మీద రాసింది ఏ భాషో కూడా తెలీదు. ఇప్పుడొచ్చి వీళ్ళ దేశంలో డచ్చి పరీక్ష రాస్తున్నా. రెండుసార్లు పోయింది.

వరంగల్_వంశీ
సమాధుల మీద ప్రాక్టీస్ చేస్తే పాసయ్యేటోడివి అన్నా

ఐండ్‌హోవెన్_అప్పారావు
చరిత్ర బాగుంది గానీ నాకు ఇంకా మూడు రోజులే ఉంది. కొలతలు చెప్పండి ఎవరైనా

రొట్టెరామ్
రాసుకోండి. మైదా 500 గ్రాములు. డ్రై ఈస్ట్ 7 గ్రాముల ప్యాకెట్ ఒకటి. గోరువెచ్చని పాలు 450 మిల్లీలీటర్లతో మొదలెట్టి అవసరమైతే 500 వరకు. గుడ్డు ఒకటి. పంచదార 30 గ్రాములు, ఉప్పు ఒక చిన్న చెంచా కంటే కొంచెం ఎక్కువ, 8 గ్రాములు. ఉప్పు ఈస్ట్ నెత్తిన పోయొద్దు, గిన్నెలో ఆ పక్కన ఒకటి ఈ పక్కన ఒకటి వేయండి. కిస్‌మిస్ రెండు రకాలు కలిపి 150 నుంచి 200, రోజైనెన్ అంటే మామూలువి, క్రెంటెన్ అంటే చిన్న నల్లవి. పుల్లటి ఆపిల్ ఒకటి సన్నగా తరిగి వేయండి, గౌడ్‌రెనెట్ దొరికితే అదే, గ్రానీ స్మిత్ అయినా పర్లేదు. నిమ్మకాయ తొక్క పైపైన గీరి వేస్తే నాకు ఇష్టం.

కిస్‌మిస్ గోరువెచ్చని నీళ్ళలో ఓ పావుగంట నానబెట్టి, తర్వాత గుడ్డ మీద పరిచి బాగా ఆరబెట్టాలి. ఇది మర్చిపోవద్దు. తడి కిస్‌మిస్ నూనెలో టపటప పేలుతుంది, మొహం మీదకి వస్తుంది. ఆరాక కొంచెం పొడి మైదాలో దొర్లించి వేస్తే గిన్నె అడుక్కి పోకుండా ఉంటాయి.

పిండి ఎలా ఉండాలంటే గారెల పిండి కంటే జారుగా, దోసెల పిండి కంటే బాగా గట్టిగా. గరిటెతో ఎత్తితే ముద్దగా వేలాడి నిదానంగా జారాలి. చెక్క గరిటెతో ఓ పది నిమిషాలు కొట్టాలి, కలపడం కాదు, కొట్టడం. సాగుతుంది, మెరుస్తుంది. అప్పుడు తడిగుడ్డ కప్పి వెచ్చటి చోట పెట్టాలి. ఓవెన్‌లో లైటు మాత్రం వేసి పెడితే సరిపోతుంది, లేకపోతే రేడియేటర్ పక్కన. ఈ కొలతకి 20, 25 దాకా వస్తాయి.

పాలకొల్లు_పద్మ
గరిటెతో ఎందుకు, చేత్తో కొట్టండి. మా అమ్మ పునుగుల పిండి చేత్తోనే గిలక్కొడుతుంది, చేతికి తేలిక తెలుస్తుంది. గరిటెకి ఏం తెలుస్తుంది.

రొట్టెరామ్
ఈ పిండి చేతికి అంటుకుంటే సాయంత్రం దాకా వదలదు పద్మగారూ. ఇది మినప్పిండి కాదు, మైదా, జిగురు.

పాలకొల్లు_పద్మ
చెయ్యి తడుపుకోవాలి కదండీ. నేను నాలుగేళ్ళ నుంచి చేత్తోనే వేస్తున్నా నూనెలోకి కూడా. బొటనవేలితో తోస్తే గుండ్రంగా పడతాయి. మా డచ్ కొలీగ్ చూసి నోరెళ్ళబెట్టింది.

హేగ్_సత్యవతి
అందరికీ అది రాదమ్మా. కొత్తవాళ్ళు 180 డిగ్రీల నూనె మీద చెయ్యి పెట్టకపోవడమే మంచిది. రెండు చెంచాలు వాడండి, లేదంటే ఐస్‌క్రీం తీసే గుండ్రటి గరిటె. ప్రతిసారీ ముందు ఆ గరిటెని వేడి నూనెలో ముంచి తీయాలి, అప్పుడు పిండి అంటుకోకుండా జారిపోతుంది. అదొక్కటి తెలియక నేను మొదటి ఏడాది తోకలున్న ఓలీబోలెన్ చేశా. మా పిల్లలు టాడ్‌పోల్స్ అని పేరు పెట్టారు.

గ్రోనింగన్_గోపి
పీహెచ్‌డీ స్టూడెంట్‌ని, ఓపిక లేదు. కూప్‌మన్స్ మిక్స్ ప్యాకెట్ తెచ్చుకుంటా, వెనకాల రాసినట్టు కలిపి పెట్టుకుంటా, అయిపోయింది. మా ల్యాబ్‌లో డచ్ వాళ్ళలో సగంమంది చేసేది అదే. మీరు ఊరికే కష్టపడుతున్నారు.

రొట్టెరామ్
అది గిట్స్ గులాబ్‌జామూన్ లాంటిది గోపీ. బానే ఉంటుంది, దానికో మర్యాద ఉంది, కాదనను. కానీ పక్కింటి మామ్మగారికి ప్యాకెట్‌ది ఇస్తావా?

గ్రోనింగన్_గోపి
ఇచ్చాను. ఆవిడా అదే ప్యాకెట్‌తో చేసింది 😎

వరంగల్_వంశీ
హహహ. గోపి గెలిచిండు

ఐండ్‌హోవెన్_అప్పారావు
థర్మామీటర్ లేదు. నూనె 180 అయిందని ఎలా తెలుస్తుంది

పాలకొల్లు_పద్మ
చిటికెడు పిండి వేయి. అడుక్కి పోయి అక్కడే కూర్చుంటే నూనె చల్లగా ఉన్నట్టు. పడగానే పైకొచ్చి క్షణంలో నల్లబడితే మరీ కాగిపోయినట్టు. కొంచెం కిందకి మునిగి బుడగలు కడుతూ తేలాలి. దీనికి థర్మామీటర్ ఎందుకు బాబూ, మన అమ్మలు ఏ థర్మామీటర్ పెట్టి బూరెలు వండారు

రొట్టెరామ్
బూరెకి అది సరిపోతుంది, పూర్ణం ముందే ఉడికి ఉంటుంది, పై తోపు వేగితే చాలు. ఇది మధ్య వరకూ పచ్చి పిండే కదా. ఐదారు నిమిషాలు నూనెలో ఉండాలి, అంతసేపూ వేడి నిలకడగా ఉండాలి. దుకాణంలో పది పదిహేను యూరోలకి థర్మామీటర్ వస్తుంది, కొనుక్కోండి. ఇంకోటి, మనం సైజు దగ్గర పాడుచేసుకుంటాం. పునుగంత వేస్తే త్వరగా వేగుతుంది గానీ అది ఓలీబోల్ కాదు, పెద్ద నారింజ అంత వేస్తే లోపల ఎప్పటికీ వేగదు. పెద్ద నిమ్మకాయ కంటే కొంచెం ఎక్కువ పిండి తీసుకుంటే, పొంగి సరైన సైజుకి వస్తుంది. ఒక వైపు వేగాక చాలావరకు వాటంతట అవే బొర్లుతాయి, బొర్లకపోతే చెంచాతో ఒక్క తోపు.

వాయికి నాలుగు. ఎక్కువ కాదు. అడుగు వెడల్పు గిన్నె, రెండు లీటర్ల నూనె. ఇండక్షన్ మీద గుండ్రటి అడుగున్న మూకుడు పెట్టకండి, మధ్యలో మాత్రమే వేడెక్కుతుంది.

ఐండ్‌హోవెన్_అప్పారావు
మాది ఇండక్షనే. అదే మూకుడు. ఐదో తప్పు 🤦

ఆమ్‌స్టెల్వీన్_అల్లుడు
పొంగాక పిండి మళ్ళీ కలపాలా వద్దా? ఒక వీడియోలో కలిపారు ఒకదాంట్లో వద్దన్నారు

హేగ్_సత్యవతి
కలపొద్దు. గంటసేపు కష్టపడి పొంగిన గాలి మొత్తం పోతుంది. పక్క నుంచి మెల్లిగా గరిటెతో తీసుకుంటూ పోవాలి.

రొట్టెరామ్
నేను ఒక్కసారి కలుపుతా. లోపల పెద్ద పెద్ద గాలి గుంతలు లేకుండా ఒకేలా గుల్లగా వస్తుంది, కిస్‌మిస్ కూడా మళ్ళీ సర్దుకుంటుంది. కలిపాక పది నిమిషాలు ఆగుతా.

హేగ్_సత్యవతి
మీరు బ్రెడ్డు చేస్తున్నట్టు చేస్తారు అన్నీ. పేరుకి తగ్గట్టే.

నిద్రలేని_నర్సు
మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోవద్దు. నేను ఆ రాత్రి ఎమర్జెన్సీ డ్యూటీలో ఉంటాను, ఇది నాలుగో ఏడు. అందరూ టపాకాయల కేసులే వస్తాయనుకుంటారు, సాయంత్రం నాలుగైదు నుంచి వచ్చేవి చాలావరకు నూనె కాలినవే. దయచేసి పిల్లల్ని పొయ్యి దగ్గరకి రానివ్వొద్దు, గిన్నె కాడ బయటకి పెట్టొద్దు. నూనె అంటుకుంటే నీళ్ళు పోయొద్దు, చిమ్నీ ఆపేసి, పొయ్యి ఆపేసి, మూత నిదానంగా జరిపి కప్పి, అలాగే వదిలేయండి. గిన్నె పట్టుకుని బాల్కనీలోకి పరిగెత్తిన ఆయన చేతులకి కట్టు కట్టాను నేను. చర్మం కాలితే గోరువెచ్చటి నీళ్ళు ధారగా కనీసం 10 నిమిషాలు. ఐసు వద్దు, టూత్‌పేస్ట్ వద్దు, పసుపు వద్దు. అమ్మకి ఫోన్ చేసి అడగొద్దు, ఆవిడ పసుపే చెప్తుంది.

పాలకొల్లు_పద్మ
నిజం తల్లీ. మా ఇంట్లో మూత పొయ్యి పక్కనే పెట్టుకుని మొదలెడతాం. జాగ్రత్తగా ఉండు, నైట్ డ్యూటీలో ఎవరైనా ఓలీబోలెన్ పెడతారా?

నిద్రలేని_నర్సు
పెద్ద పెట్టె వస్తుంది అక్కా, పన్నెండింటికి చల్లటివి తింటాం. చల్లారినవి కూడా నాకిష్టమే.

బందరు_బుల్లోడు
ఫైర్ అలారం సంగతి ఎవరూ చెప్పలేదు. 2022 జూలై నుంచి ప్రతి ఇంట్లో ప్రతి అంతస్తులో రోక్‌మెల్డర్ తప్పనిసరి. మా ఇంట్లో మూడో వాయికి అది మొదలెడుతుంది, మా నాన్న వచ్చినప్పుడు దాన్ని సాంబ్రాణి పొగకి కూడా అరిపించాడు. బ్యాటరీ పీకేయకండి, బయట వండుకోండి. డచ్చివాళ్ళు చాలామంది వెనక షెడ్‌లోనో తోటలోనో పెట్టి వండేది అందుకే, ఇల్లంతా వారం రోజులు నూనె వాసన రాకుండా. మా ఎదురింటాయన బకెట్‌లో పిండి కలుపుతాడు, నిజంగా బకెట్, రేడియోలో ఏడాది చివర వచ్చే టాప్ 2000 పాటలు పెట్టుకుని పొద్దున పది నుంచి సాయంత్రం దాకా వేయిస్తూనే ఉంటాడు. వీధి మొత్తానికి.

చిట్టిపంతులు
బకెట్ కొత్తదేనా

బందరు_బుల్లోడు
పంతులుగారూ మీరు బతకనివ్వరు 😂

గ్రోనింగన్_గోపి
మా వైపు ఇంకోటి ఉంది, క్నీపర్చెస్. సన్నటి తియ్యటి పలుచని వేఫర్. ఏడాది అయిపోయేటప్పుడు చదునుగా ఉన్నవి తింటారు, అంటే ఆ ఏడాది మొత్తం తెలిసిపోయింది అని. కొత్త ఏడాదికి వాటినే గొట్టంలా చుట్టి తింటారు, లోపల ఏముందో ఇంకా తెలీదు కదా అని. మన పూతరేకుల్లా ఉంటుంది వ్యవహారం. మా ప్రొఫెసర్ వాళ్ళ ఊళ్ళో పాల క్యాన్లలో కార్బైడ్ పెట్టి పేలుస్తారు, అది చూడ్డానికి తీసుకెళ్ళాడు, రెండు రోజులు చెవులు పనిచేయలేదు.

హేగ్_సత్యవతి
మా హేగ్‌లో సురినామ్ హిందుస్తానీల షాపులుంటాయి, అక్కడ 'బారా' అని అమ్ముతారు. మినప్పిండితో, మధ్యలో కంత, నూనెలో వేయించి పచ్చిమిర్చి పచ్చడితో ఇస్తారు. మొదటిసారి తిన్నప్పుడు కళ్ళలో నీళ్ళొచ్చాయి, కారానికి కూడా అనుకోండి. వాళ్ళ ముత్తాతలు 1873 నుంచి కలకత్తా రేవులో ఓడలెక్కి కూలీలుగా, దక్షిణ అమెరికాలో అప్పట్లో డచ్చివాళ్ళ పాలనలో ఉన్న సురినామ్ వెళ్ళినవాళ్ళు, 1975లో అక్కడ స్వాతంత్య్రం వచ్చినప్పుడు చాలామంది ఇక్కడికొచ్చేశారు. గారె ఎన్ని సముద్రాలు దాటి వచ్చిందో చూడండి. డిసెంబర్ 31న మేము ఒక ప్లేట్లో బారా ఒక ప్లేట్లో ఓలీబోలెన్ పెడతాం. బారా ముందు అయిపోతుంది.

వరంగల్_వంశీ
అక్కా మరి నేను ఉల్లిగడ్డ, పచ్చిమిర్చి, జీలకర్ర ఏసి కారం ఓలీబోలెన్ చేసిన పోయినేడు. చక్కెర బందు. అల్లం పచ్చడితోని తిన్నం. మస్తుండె.

రొట్టెరామ్
వంశీ, అది బోండా. మొదట్నుంచీ నువ్వు బోండానే చేస్తున్నావు, పేరు మార్చి.

న్యూజెర్సీ_నాని
నాకు వంశీ వెర్షన్ కావాలి

ఆమ్‌స్టెల్వీన్_అల్లుడు
ఏ బండి దగ్గర బాగుంటాయో చెప్పండి, నేను కొనేస్తా, ఒక్కోటి యూరో పైనే ఉన్నా పర్లేదు. ఇది చదివాక భయమేసింది

బందరు_బుల్లోడు
ఒకప్పుడు ఇక్కడి ఏడీ అనే పేపరువాళ్ళు ప్రతి ఏడాదీ దేశమంతా తిరిగి ఓలీబోలెన్ పరీక్ష పెట్టి మార్కులు వేసేవాళ్ళు, 1993 నుంచి. గెలిచినవాడి బండి ముందు గంటల తరబడి క్యూ, తక్కువ మార్కులొచ్చినవాడి పరువు పేపర్లో. కోర్టు దాకా వెళ్ళినవాళ్ళు కూడా ఉన్నారు. 2018లో ఆపేశారు. ఇప్పుడు ఎవరి నోరు వాళ్ళదే. నా లెక్క ఒకటే, ఎక్కడ వాయి తర్వాత వాయి వేడివేడిగా తీస్తున్నారో అక్కడ కొను, కుప్పపోసి పెట్టినచోట వద్దు.

పాలకొల్లు_పద్మ
తినేటప్పుడు నల్ల కోటు వేసుకోకండి. పంచదార పొడి చల్లినది నోట్లో పెట్టుకునేటప్పుడు ఊపిరి పీల్చకండి, మా ఆయన పొరపోయి అత్తారింటి ముందు పది నిమిషాలు దగ్గాడు. (అత్తారిల్లు అంటే నా వీడియో కాల్లో మా అమ్మావాళ్ళే.)

ఐండ్‌హోవెన్_అప్పారావు
31 మధ్యాహ్నం రిపోర్ట్. థర్మామీటర్ కొన్నా. తార్వెబ్లూమ్ కొన్నా. అడుగు చదునుగా ఉన్న గిన్నె మామ్మగారినే అడిగి తెచ్చా, ఎందుకో చెప్పలేదు, ఆవిడకి తెలిసిపోయింది అనుకుంటా, నవ్వింది. పిండి ఓవెన్‌లో లైటు వేసి పెట్టా. గంటంబావు అయింది, గిన్నె అంచు దాకా వచ్చింది. చూస్తే భయంగా ఉంది. కలపాలా వద్దా చివరిసారి చెప్పండి

రొట్టెరామ్
ఒక్కసారి కలపండి

హేగ్_సత్యవతి
కలపొద్దు!!

ఐండ్‌హోవెన్_అప్పారావు
సగం వేరే గిన్నెలోకి తీసి అది కలిపా, మిగతా సగం కలపలేదు. మా ఇంట్లో ఏ గొడవైనా ఇలాగే తీరుస్తా.

గ్రోనింగన్_గోపి
ఇదీ అసలైన ల్యాబ్ పద్ధతి. రిజల్ట్స్ కోసం వెయిటింగ్

ఐండ్‌హోవెన్_అప్పారావు
సాయంత్రం 6:40. మొదటి వాయి చెడింది, 165 దగ్గరే ఆత్రపడి వేసేశా, నూనె పీల్చేశాయి, అవి నేనే తిన్నా. రెండో వాయి నుంచి నాలుగేసి, 180 దగ్గర. బొర్లడం నిజంగా వాటంతట అవే బొర్లుతున్నాయి, నేను గరిటె పట్టుకుని ఊరికే నిలబడి చూస్తున్నా. ఒకటి తీసి మధ్యకి విరిచా. లోపల ఆరిపోయి గుల్లగా, ఆవిరి వస్తోంది. పుల్ల గుచ్చితే పొడిగా వచ్చింది. మా ఆవిడ ఫోన్ తీసి ఫోటో కొట్టింది, పోయినేడాది ఫోటో పక్కన పెట్టి ఇంట్లో గ్రూపులో వేసింది.

కలిపినవి కొంచెం చిన్నగా ఒకేలా ఉన్నాయి. కలపనివి పెద్దగా, లోపల గుంతలు, పైన కొండలు లోయలు. రుచి రెండూ ఒకటే నాకైతే. ఇద్దరూ తిట్టుకోవద్దు.

హేగ్_సత్యవతి
పెద్దవి అంటే కలపనివే కదా. సరే.

రొట్టెరామ్
ఒకేలా అంటే కలిపినవే కదా. సరే.

పాలకొల్లు_పద్మ
మామ్మగారు ఏమన్నారు అది చెప్పు ముందు

ఐండ్‌హోవెన్_అప్పారావు
వేడిగా ఉన్నప్పుడే పది పట్టుకెళ్ళా. ఆవిడ గుమ్మంలోనే ఒకటి తీసుకుని విరిచి లోపలికి చూసింది. కొరకలేదు ముందు, చూసింది! అంటే పోయినేడాది బాగా గుర్తుందన్నమాట. తర్వాత తింది. ఈసారి లెక్కర్ అనలేదు, ఇంకోటి తీసుకుంది. లోపలికి వెళ్ళి ఆపిల్‌ఫ్లాపెన్ (ఆపిల్‌తో చేసే పిండివంట) నాలుగు తెచ్చి అదే ప్లేట్లో పెట్టి ఇచ్చింది, ఖాళీ ప్లేటు తిరిగి ఇవ్వకూడదట వాళ్ళకీ. ఆపిల్ కొంచెం ఎక్కువ వేసి ఉండాల్సింది అంది. గిన్నె రేపు ఇవ్వొచ్చంది, కడిగి.

వరంగల్_వంశీ
కడిగి అని చెప్పిందంటే నిన్ను సొంత మనిషి అనుకున్నట్టే అన్నా

నిద్రలేని_నర్సు
డ్యూటీకి బయల్దేరుతున్నా. అప్పారావు గారు ఇవాళ మా దగ్గరకి రానందుకు సంతోషం. హాపీ న్యూ ఇయర్ అందరికీ

ఐండ్‌హోవెన్_అప్పారావు
ఆఖరి ప్రశ్న. రెండు లీటర్ల నూనె మిగిలింది. సింకులో పోయకూడదు కదా?

బందరు_బుల్లోడు
పొరపాటున కూడా పోయొద్దు, పైపులో గడ్డకడుతుంది, ప్లంబర్ బిల్లుతో వంద బండ్ల ఓలీబోలెన్ వస్తాయి. పూర్తిగా చల్లారాక పాత సీసాలో పోసి మూత బిగించి సూపర్‌మార్కెట్ దగ్గరో మున్సిపాలిటీ కేంద్రంలోనో పసుపు రంగు డబ్బా ఉంటుంది, సీసాతో సహా దాంట్లో వేసేయండి.

చిట్టిపంతులు
ఒక్కసారే వాడారు కదా, వడగట్టి దాచుకుంటే సంక్రాంతికి అరిసెలు వండుకోవచ్చు.

పాలకొల్లు_పద్మ
వద్దు పంతులుగారూ. మాడిన కిస్‌మిస్ వాసన పోదు. నేను చేశా ఒకసారి, అరిసె కొరికితే ఓలీబోలెన్ వాసన.

వరంగల్_వంశీ
గదే నూనెల నా బోండాలు మంచిగైతయ్, సీసా నాకు పంపు అన్నా